వలసపత్రాల్లో తాత జాడ: ప్రవాసాంధ్రుల వంశాన్వేషణలో ఇంటిపేరు, వ్యక్తినామం, కుటుంబ స్మృతి

వ్యాస సంగ్రహం

పంతొమ్మిదో శతాబ్దిలో ఒడంబడిక కూలీలుగా మారిషస్, నేటాల్, ఫిజీ ప్రాంతాలకు వెళ్లిన తెలుగువారి వారసులు నేడు తమ తాతల పుట్టుపూర్వోత్తరాలను వెతుక్కుంటున్నారు. ఈ వెతుకులాటకు వలస ప్రభుత్వం తయారుచేసిన నౌకాపట్టికలు, అనుమతిపత్రాలే ప్రధానాధారాలు. అయితే తెలుగువారి వంశానికి గుర్తు అయిన ఇంటిపేరును ఆ పత్రాలు అడగలేదు. ఆ లోటును వ్యక్తినామాల భాషాస్వరూపం, స్థలనామాల చరిత్ర, కుటుంబాచారాలు ఎంతవరకు పూరించగలవో, ఎక్కడ ఆగిపోతాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ఒడంబడిక కూలీ, నౌకాపట్టిక, ఇంటిపేరు, వ్యక్తినామం, కుటుంబ స్మృతి, ప్రవాసాంధ్రులు.

1. ప్రవేశిక

బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వాన్ని రద్దుచేస్తూ 1833లో చట్టం వచ్చింది. చెరకు తోటల యజమానులకు కొత్త శ్రామికులు కావలసి వచ్చారు. ఆ అవసరం తీర్చడానికి భారతదేశం నుంచి ఒడంబడిక మీద కూలీలను తరలించే పద్ధతి ఏర్పడింది. 1834లో మొదలైన ఈ వలసలో దాదాపు అయిదు లక్షల మంది మారిషస్ చేరారు. దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు 1860 నుంచి 1911 వరకు 1,52,184 మంది వెళ్లారు. వారిని తీసుకువెళ్లిన మొదటి ఓడ ‘ట్రూరో’ మద్రాసు నుంచి బయలుదేరి 1860 నవంబరు 16న డర్బన్ రేవుకు చేరింది. నేటాల్ వెళ్లినవారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు నుంచి ఓడ ఎక్కినవారే. ఫిజీకి 1879 నుంచి 1916 వరకు అరవై వేలకు పైగా కూలీలు చేరారు. దక్షిణ భారతీయుల తరలింపు అక్కడికి 1903లో మొదలైంది.

వీరి మూడో తరం, నాలుగో తరం వారసులు పూర్వీకుల చరిత్రను వెతికి రాసిన గ్రంథాలు ఇప్పుడు ఒక ప్రత్యేక శాఖగా రూపొందాయి. ఫిజీ చరిత్రకారుడు బ్రిజ్ విలాస్ లాల్ ఒక ఒడంబడిక కూలీకి మనవడు. కలకత్తా నుంచి ఫిజీ వెళ్లిన 45,439 మంది అనుమతిపత్రాలను పరిశీలించి ఆయన 1983లో ‘గిర్మిటియాస్’ అనే గ్రంథాన్ని వెలువరించాడు. గయానా సంతతికి చెందిన గాయత్ర బహదూర్ 1903లో గర్భిణిగా, ఒంటరిగా కలకత్తాలో ఓడ ఎక్కిన తన ముత్తవ్వ జాడను వెతుకుతూ 2013లో ‘కూలీ ఉమన్’ రాసింది. మారిషస్‌లో పుట్టిన ఫ్రెంచి రచయిత్రి నతాషా అప్పానా, 1872లో ఆ దీవికి చేరిన తెలుగు పూర్వీకుల నుంచి తన తాత, అవ్వల వరకు సాగిన కుటుంబ గాథను 2023లో గ్రంథరూపంలో ప్రకటించింది. ఆమె ఇంటిపేరుగా చెలామణి అవుతున్న మాట వెనుక ‘అప్పన్న’ అనే వ్యక్తినామం ఉందని తెలుగువారు సులభంగానే పోల్చుకోగలరు. ఒక మనిషి పేరు తరాల తరువాత ఇంటిపేరుగా ఎలా మారింది, అసలు ఇంటిపేరు ఏమైంది అన్న ప్రశ్నల నుంచే ఈ వ్యాసంలోని చర్చ మొదలవుతుంది.

2. వంశాన్ని చెప్పే తెలుగు సంప్రదాయం

తెలుగునాట వంశాన్ని గుర్తుపెట్టుకునే పని కుటుంబమే కాక, కొన్ని ఆశ్రిత కులాలు కూడా చేసేవి. పిచ్చుకుంట్లవారు రెడ్ల, కాపుల గోత్రాలనూ ఇంటిపేర్లనూ వల్లెవేసేవారు. పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు డక్కలివారు కులపురాణంతోపాటు వంశక్రమాన్ని వినిపించేవారు. సంస్థానాధీశుల వంశావళులు కావ్యావతారికల్లోకి ఎక్కాయి. కాలిన్ మెకంజీ సేకరింపజేసిన గ్రామ కైఫియతుల్లో కరణాల, దేవాలయాల, పాలెగాళ్ల వృత్తాంతాలు చేరాయి.

ఈ ఆధారాలన్నింటికీ ఒక పరిమితి ఉంది. దానం ఇచ్చినవాడు, మిరాసీ ఉన్నవాడు, పన్ను కట్టినవాడు వాటిలో కనిపిస్తాడు. కూలికి వెళ్లినవాడు కనిపించడు. డక్కలివారి కథనం ఒక కులానికి పుట్టుకను చెబుతుంది కాని, ఫలానా ఊరి ఫలానా మనిషి ఎప్పుడు పుట్టాడో, ఎప్పుడు ఊరు విడిచాడో చెప్పదు. అందువల్ల భూమిలేని కుటుంబాల విషయంలో ఒక విచిత్రమైన పరిస్థితి ఏర్పడింది. వారి పూర్వీకుడి పేరు, తండ్రి పేరు, ఊరు, వయస్సు ఒకేచోట అక్షరబద్ధమైన తొలి పత్రం చాలా సందర్భాల్లో అతన్ని దేశం దాటించిన పత్రమే. ఊళ్లో ఉన్నన్నాళ్లూ అతని పేరు రాసిపెట్టవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. ఊరు విడిచిన రోజున ఆ అవసరం ప్రభుత్వానికి కలిగింది.

3. పట్టిక అడిగినవి, అడగనివి

నేటాల్ నౌకాపట్టికలో సాధారణంగా ఒక్కో మనిషికి ఒక్కో వరుస ఉంటుంది. మొదటి గడిలో సంఖ్య. ఆ తరువాత పేరు, తండ్రి పేరు, వయస్సు, స్త్రీయా పురుషుడా, కులం, జిల్లా, ఠాణా, గ్రామం, ఒంటిమీది గుర్తులు; ఆపైన పనిలో పెట్టుకున్న యజమాని వివరం. ఫిజీ అనుమతిపత్రంలో వీటితోపాటు వివాహితులైతే ఎవరితో వివాహమైంది, దగ్గరి బంధువు ఎవరు అన్న గడులు కూడా ఉన్నాయి. మారిషస్‌లో 1860ల నుంచి ఛాయాచిత్రం కూడా చేరింది. అక్కడ 1867లో వచ్చిన కార్మిక శాసనం ప్రకారం ఒడంబడిక ముగిసిన కూలీ తన బొమ్మ అతికించిన చీటీని వెంట ఉంచుకోవలసి వచ్చింది. ఆ వలసపత్రాలు నేడు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. నేటాల్ నౌకాపట్టికల సమాచారాన్ని డర్బన్‌లోని గాంధీ–లుతులి డాక్యుమెంటేషన్ కేంద్రం పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చింది. ఫిజీ, గయానా, సురినామ్, ట్రినిడాడ్ దేశాల్లోని ఒడంబడిక కూలీల పత్రాలు 2011లో యునెస్కో ‘ప్రపంచ స్మృతి’ పట్టికలో చోటు పొందాయి.

ఈ గడులను ఎందుకు నింపారో గమనిస్తే పత్రం స్వభావం అర్థమవుతుంది. పని వదిలి పారిపోయిన మనిషిని పట్టుకోవడానికి ఒంటిమీది మచ్చ అవసరం. కూలి లెక్కకు, రేషను లెక్కకు సంఖ్య అవసరం. తిరుగు ప్రయాణపు హక్కు తేల్చడానికి ఓడ పేరు, తేదీ అవసరం. అంటే ఈ పట్టిక మనిషిని ఒడంబడికకు కట్టివేయడానికి తయారైంది. అతని వంశాన్ని చెప్పడానికి కాదు. ఎడమ మోచేతి మీద పచ్చబొట్టు ఉందో లేదో అది చెబుతుంది. ఆ మనిషి ఇంటిపేరు మాత్రం చెప్పదు.

తెలుగువారికి ఈ లోటు సామాన్యమైనది కాదు. ఒకే ఊళ్లో, ఒకే కులంలో పది మంది అప్పన్నలు ఉండవచ్చు. వారిలో ఎవరు ఏ ఇంటివారో, ఎవరితో వియ్యానికి వరస కలుస్తుందో, ఎవరితో కలవదో ఇంటిపేరే తేలుస్తుంది. ఊరిపేరు నుంచి, వృత్తి నుంచి, వస్తువు నుంచి, పూర్వికుల పేరు నుంచి పుట్టిన ఇంటిపేర్లలో కుటుంబం వలస వచ్చిన మూలగ్రామం కూడా తరచు దాగి ఉంటుంది. తండ్రి పేరును కలుపుకొని పిలుచుకునే తమిళుల పద్ధతికి పట్టికలోని ‘తండ్రి పేరు’ గడి కొంతవరకు సరిపోయింది. తెలుగువారి పద్ధతికి సరిపడే గడి ఒక్కటీ అందులో లేదు.

4. వ్యక్తినామం ఇంటిపేరుగా మారిన తీరు

వలస దేశాల్లో పుట్టిన పిల్లల జననాన్ని, ఆపైన వివాహాన్ని నమోదు చేసేటప్పుడు అధికారులు ఇంటిపేరు అడిగారు. అప్పటికి కాగితం మీద ఉన్నది తండ్రి పేరొక్కటే. అదే పిల్లవాడికి ఇంటిపేరుగా స్థిరపడింది. ఇలా అప్పన్న, అప్పలస్వామి, రామస్వామి, నారాయణస్వామి వంటి వ్యక్తినామాలు మారిషస్‌లోనూ దక్షిణాఫ్రికాలోనూ వంశనామాలయ్యాయి. మరికొన్ని కుటుంబాల్లో ‘నాయుడు’, ‘రెడ్డి’ వంటి గౌరవవాచకాలు ఆ స్థానంలో నిలిచాయి. దక్షిణాఫ్రికాలో ‘నాయుడు’ ఆంగ్ల వర్ణక్రమం ప్రభావంతో ‘నాయ్డూ’గా పలుకుతోంది.

ఈ మార్పు పరిశోధకుడికి ఒక మేలు, ఒక కీడు చేసింది. నేటి వంశనామమే మొదట ఓడ దిగిన మనిషి సొంత పేరు అయ్యే అవకాశం ఉండడం వల్ల పట్టికలో ఏ పేరు కోసం వెతకాలో తెలుస్తుంది, అది మేలు. ఇద్దరు అన్నదమ్ములు వేర్వేరు ఓడల్లో వెళ్లి ఉంటే వారి సంతానానికి వేర్వేరు వంశనామాలు వస్తాయి, అది కీడు. తెలుగునాట ఒకే ఇంటిపేరుతో దాయాదులుగా ఉండవలసిన కుటుంబాలు అక్కడ ఒకరినొకరు ఎరగని రెండు వంశాలయ్యాయి. దీనికి విరుద్ధంగా, ఏ సంబంధమూ లేని వందల కుటుంబాలు ‘నాయ్డూ’ అనే ఒక్క పేరు కిందికి వచ్చాయి. తెలుగునాట నాయుడు అనే గౌరవవాచకం కాపు, బలిజ, వెలమ, కమ్మ, గవర మొదలైన పలు కులాల్లో ఉంది. కాబట్టి ఆ మాటను బట్టి తాత కులాన్ని నిర్ణయించడం శాస్త్రీయం కాదు. పట్టికలోని కులం గడిని కూడా ఇదే జాగ్రత్తతో చదవాలి. కూలీ చెప్పిన మాటను గుమాస్తా తనకు తెలిసిన మాటలోకి మార్చి రాసిన గడి అది. ఆనాటి మద్రాసు ఆంగ్ల పత్రాల్లో తెలుగువారిని ‘జెంటూ’లనీ, తమిళులను ‘మలబారు’లనీ రాసే అలవాటు ఉండేది. భాషకు, ప్రాంతానికి, కులానికి ఉన్న భేదాన్ని ఆ రాతగాళ్లు ఎల్లప్పుడూ పాటించలేదు.

5. పేరులోని దేవుడు, పేరులోని ప్రాంతం

ఇంటిపేరు లేనిచోట పరిశోధకుడికి మిగిలే బలమైన ఆధారం వ్యక్తినామమే. తెలుగు గ్రామీణుల పేర్లలో ఇలవేల్పుల, గ్రామదేవతల పేర్లు విస్తారంగా ఉన్నాయి. వాటిలో కొన్ని దేశమంతటా వ్యాపించినవి. వెంకటస్వామి, రామస్వామి, లక్ష్మమ్మ అనే పేర్లను బట్టి ఏ జిల్లానూ ఊహించలేం. కొన్ని మాత్రం ఒక క్షేత్రాన్ని అంటిపెట్టుకొని ఉంటాయి. అప్పన్న, అప్పలస్వామి, అప్పలనరసయ్య, అప్పలమ్మ అనేవి సింహాచల క్షేత్ర ప్రభావం ఉన్న ఉత్తరాంధ్ర పేర్లు. పైడయ్య, పైడమ్మ అనేవి విజయనగరం పైడితల్లినీ, నూకయ్య, నూకరాజు, నూకాలు అనేవి అనకాపల్లి ప్రాంతపు నూకాలమ్మనూ తలపిస్తాయి. పెంచలయ్య, పెంచలమ్మ అనే పేర్లు నెల్లూరు మండలంలోని పెంచలకోన నరసింహస్వామి పేరిట వెలసినవి. కోటయ్య అనే పేరు పలనాడు, గుంటూరు ప్రాంతాల్లోని కోటప్పకొండ వైపు చూపిస్తుంది. మునెయ్య, మునెమ్మ, మునిస్వామి అనే పేర్లు చిత్తూరు, ఉత్తర ఆర్కాటు సీమల్లో ఎక్కువ.

అయితే ఇది సంభావ్యతను మాత్రమే తెలిపే ఆధారం. ఒక్క పేరుతో ప్రాంతం తేలదు. తండ్రి పేరు, భార్య పేరు, అదే ఓడలో అదే ఊరి నుంచి వచ్చినవారి పేర్లు కలిపి చూసినప్పుడు బలం చేకూరుతుంది. తండ్రి పైడయ్య, కొడుకు అప్పన్న, కోడలు నూకమ్మ అయిన ఒక కుటుంబాన్ని ఊహిస్తే, గ్రామం గడి చెరిగిపోయినా ఆ కుటుంబం గోదావరికి ఉత్తరాన ఉన్న తీరసీమదని చెప్పడానికి ఆధారం ఉంటుంది. అంతకుమించి ఫలానా ఊరని చెప్పడానికి ఉండదు.

లిపిమార్పిడి మరొక చిక్కు తెచ్చిపెట్టింది. ఆంగ్లలిపిలో హ్రస్వదీర్ఘాలు, దంత్యమూర్ధన్యాల భేదాలు నిలవలేదు. రాసిన గుమాస్తా తమిళుడైతే క–గ, ట–డ భేదాలు కూడా తారుమారయ్యే అవకాశం ఉంది. ‘స్వామి’ చివర ఉన్న పేర్లు ‘సామి’గా మారి తమిళనామాలతో కలిసిపోయాయి. అందువల్ల ఆంగ్లలిపిలోని ఒక రూపాన్ని తెలుగులోకి మార్చేటప్పుడు ఒక్క రూపాన్ని కాక, సాధ్యమైన రూపాలన్నింటినీ ముందుంచుకొని, చివరి ప్రత్యయాన్ని పరిశీలించాలి. ‘–న్న’, ‘–య్య’, ‘–డు’, ‘–గాడు’ అనేవి తెలుగు వాడుకను గుర్తించడానికి తోడ్పడే ప్రత్యయాలు. నామవిజ్ఞానం మీద, మాండలికాల మీద పట్టున్న తెలుగు పరిశోధకుడికి ఈ చోట ఒక చరిత్రకారుడికి లేని సౌలభ్యం ఉంది.

6. ఊరు, రేవు, జిల్లా

తాత ఊరిపేరు దొరికినంత మాత్రాన ఊరు దొరికినట్లు కాదు. కొత్తపేట, కొత్తపల్లి, రామాపురం, లక్ష్మీపురం వంటి పేర్లున్న గ్రామాలు ప్రతి జిల్లాలోనూ ఉన్నాయి. జిల్లా, తాలూకా తెలియనిదే వాటిని వేరుచేయలేం. ఆ జిల్లాల సరిహద్దులు తరువాతి కాలంలో పలుమార్లు మారాయి. పట్టికలో ‘చికాకోల్’ అని ఉంటే అది నేటి శ్రీకాకుళం. ఆనాడు అది గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు విశాఖపట్నం జిల్లాకు మారింది. 1950లో శ్రీకాకుళం కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. విజయనగరం జిల్లా 1979లో వచ్చింది. ‘నార్త్ ఆర్కాట్’ అని ఉన్నంత మాత్రాన ఆ కూలీని తమిళ ప్రాంతంవాడని అనుకోరాదు. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడేవరకు చంద్రగిరి, తిరుపతి ప్రాంతాలు ఉత్తర ఆర్కాటులోనివే. 1859 నుంచి 1904 వరకు గుంటూరు పేరుతో జిల్లా లేదు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 13 నుంచి 26కు పెరగడంతో పాత పట్టికకు, నేటి పటానికి మధ్య దూరం ఇంకా పెరిగింది.

ఓడ ఎక్కిన రేవును పుట్టిన ఊరుగా భావించడం కుటుంబ కథనాల్లో తరచు కనిపించే పొరపాటు. కాకినాడకు సమీపంలోని కోరంగి ఒకనాడు పేరుపడ్డ ఓడరేవు. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన దాన్ని దెబ్బతీసింది. ఆ రేవు పేరు మీదుగానే మారిషస్‌లోనూ బర్మాలోనూ తెలుగువారికి ‘కోరంగి’ అనే వ్యవహారం ఏర్పడింది. ‘మా తాత కోరంగివాడు’ అన్న మాటకు ‘మా తాత తెలుగువాడు’ అనే అర్థమే సరిపోతుంది. దాన్ని గ్రామనామంగా తీసుకొని గోదావరి ముఖద్వారంలో బంధువులను వెతకడం వృథాశ్రమ. మద్రాసు రేవు విషయంలోనూ ఇంతే.

7. అవ్వ జాడ

కుటుంబాల్లో గీసుకునే వంశవృక్షాల్లో కొమ్మలన్నీ మగవారివే. పెళ్లితో ఆడపిల్ల ఇంటిపేరు మారుతుంది. రెండు తరాలు గడిచేసరికి అవ్వ పుట్టింటివారి పేరు, ఊరు మరుగున పడతాయి. అవ్వను ‘అమ్మ’, ‘అవ్వ’, ‘పెద్దమ్మ’ అనే వరసలతోనే పిలవడం వల్ల ఆమె సొంత పేరు కూడా మనవలకు తెలియకపోవడం తెలుగిళ్లలో వింత కాదు.

వలసపత్రం ఈ విషయంలో తెలియకుండానే ఒక మేలు చేసింది. ఓడ ఎక్కిన ప్రతి స్త్రీకీ విడిగా ఒక సంఖ్య, ఒక వరుస ఇచ్చింది. ఆమె పేరు, ఆమె తండ్రి పేరు, ఆమె ఊరు ఆ వరుసలో నమోదయ్యాయి. ఇది ఆమె మీది గౌరవంతో జరిగింది కాదు. వంద మంది పురుషులకు నలభై మంది స్త్రీలను పంపాలన్న నియమాన్ని లెక్క చూపించవలసి ఉంది. నేటాల్ తోటల్లో స్త్రీకి పురుషుడి కూలిలో సగమే దక్కేది. ఆ లెక్కకూ ఆమె పేరు కావలసి వచ్చింది. కారణం ఏదైనా, వంశవృక్షం వదిలేసిన పుట్టింటి జాడను ఆ పట్టిక నిలబెట్టింది. అందుచేత తాత ఊరు చెరిగిపోయిన చోట అవ్వ వరుసను చదవడం ఫలితమిస్తుంది. ఊళ్లో పెళ్లాడి కలిసి వెళ్లిన దంపతులైతే ఆమె ఊరు అతని ఊరికి దగ్గరిదై ఉండే అవకాశం ఎక్కువ.

ఒంటరిగా వెళ్లిన స్త్రీల విషయంలో కుటుంబ స్మృతి తరచు మౌనం వహిస్తుంది. వితంతువులు, భర్తను విడిచినవారు, డిపోలో కొత్తగా జతకట్టినవారు పట్టికల్లో ఉన్నారు. ఇళ్లలో చెప్పుకునే కథల్లో మాత్రం అవ్వ ఎప్పుడూ తాత చెయ్యి పట్టుకొని ఓడ ఎక్కినదే. పట్టికలో వారిద్దరి ఓడలు వేరైనప్పుడు మనవలు ఏది నమ్మాలన్న ప్రశ్న ఎదురవుతుంది. ఓడ, తేదీ విషయంలో పత్రం చెప్పిందే ప్రమాణం. ఆ తేడాను ఇంటివారు ఎందుకు దాచుకోవలసి వచ్చిందో చెప్పేది మాత్రం ఆ కథే. అందుకే కుటుంబ కథ పత్రంతో విభేదించినప్పుడు దాన్ని అబద్ధమని తోసివేయరాదు. ఆ కుటుంబం దేన్ని మరిచిపోవాలనుకుందో తెలిపే సాక్ష్యంగా దాన్ని చదవాలి.

8. ఇంట్లో మిగిలినవి, ఊళ్లో మిగిలినవి

పత్రాలు ఇవ్వలేని సమాచారాన్ని ఆచారాలు కొంత భద్రపరిచాయి. మారిషస్ తెలుగువారు నేటికీ సింహాద్రి అప్పన్న ప్రార్థన చేస్తారు; అమ్మోరు పండుగ జరుపుతారు; రామభజన కడతారు. ‘అమ్మవారు’ కాక ‘అమ్మోరు’ అనే రూపం నిలవడం, తిరుపతి కాక సింహాద్రి ఇంటి పూజలో ప్రధానం కావడం, వారి తొలి తరంలో ఉత్తర కోస్తావారి ప్రాబల్యాన్ని పట్టికలతో నిమిత్తం లేకుండానే తెలుపుతాయి. ఒక కుటుంబం ఏ దేవతకు మొక్కుతుంది, ఏ రోజున పెద్దలకు పెడుతుంది, ఏ వంటను నైవేద్యంగా వండుతుంది, చుట్టాలను ఏ వరసలతో పిలుస్తుంది అన్న వివరాలను సేకరిస్తే వాటిని మాండలిక పదపటాలతో పోల్చి చూడవచ్చు.

క్రైస్తవ కుటుంబాలకు మరొక ఆధారం ఉంది. 1876–78 నాటి కరవు అనంతరం ఒంగోలు ప్రాంతంలో బాప్తిస్టు మిషను వేల మందికి జ్ఞానస్నానం ఇచ్చింది. 1878 జూలై 3న ఒక్కరోజునే 2,222 మంది ఆ మతం స్వీకరించారు. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల తెలుగు బాప్తిస్టులు నేటాల్‌లోనూ ఉన్నారు. వారి కోసం తెలుగు బాప్తిస్టుల స్వదేశీ మిషను సంఘం పంపిన జాన్ రంగయ్య 1903లో నేటాల్ చేరి కియర్స్నీలో సంఘాన్ని నెలకొల్పాడు. ఇటువంటి కుటుంబాల విషయంలో సముద్రానికి రెండు వైపులా ఉన్న సంఘపు పుస్తకాలను కలిపి చదవవలసి ఉంటుంది.

ఇక స్వగ్రామంలో మిగిలిన పత్రాల సంగతి. రైత్వారీ ప్రాంతాల్లో సర్వే సెటిల్‌మెంటు రిజిస్టర్లలో పట్టాదారుల పేర్లు ఉంటాయి. విశాఖపట్నం, గంజాం జిల్లాల్లో అధికభాగం 1802 నాటి శాశ్వత శిస్తు ఏర్పాటు కింద జమీందారుల ఏలుబడిలో ఉండేది. అక్కడ సాగుదారుల లెక్క సంస్థానపు దస్త్రాల్లో, కరణాల కవిలెల్లో ఉండేది. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాకే ప్రభుత్వం ఆ గ్రామాల భూములను నేరుగా రైతుల పేర నమోదు చేసింది. కరణీకం వంశపారంపర్యంగా సాగినన్నాళ్లు పాత లెక్కలు కరణాల ఇళ్లలో ఉండేవి. 1984లో ఆ పద్ధతి రద్దయినప్పుడు అన్నిచోట్లా పాత కట్టలు కార్యాలయాలకు పూర్తిగా చేరలేదు. జనన మరణాల నమోదుకు మద్రాసు రాష్ట్రంలో 1899లో చట్టం వచ్చింది. అంతకుముందే దేశం దాటినవారికి దానితో ప్రయోజనం లేదు. సెంటు భూమి లేనివారికి భూమి లెక్కలతోనూ ప్రయోజనం లేదు. ఈ కారణాల వల్ల సముద్రానికి ఆవల సంపూర్ణంగా నమోదైన మనిషి, ఈవల తన ఊరి పుస్తకాల్లో ఒక్క గీతగానైనా కనిపించకపోవచ్చు.

9. నిర్ధారణకు హద్దులు

ఈ అన్వేషణ కేవలం కుతూహలంతో జరిగేది కాదు. భారత సంతతివారికి ఇచ్చే విదేశీ భారతీయ పౌరసత్వ కార్డుకు సాధారణ నియమాల్లో మునిమనవల తరం వరకే అర్హత ఉంది. మారిషస్‌లోని ఏడో తరంవారికి కూడా దాన్ని వర్తింపజేసే ప్రత్యేక ఏర్పాటును 2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ఆ దేశ పర్యటనలో ప్రకటించారు. పూర్వీకుడి పత్రానికి ఇప్పుడు చట్టపరమైన విలువ కూడా ఉంది. విలువ ఉన్నచోట తొందరపాటు కూడా ఉంటుంది. పేరు కలిసిన మొదటి వరుసనే తాతగా నిర్ణయించుకోవడం, పేరు కలిసిన మొదటి ఊరినే స్వగ్రామంగా ప్రకటించడం, ‘నాయుడు’ అన్న మాటను బట్టి నేటి ఏదో ఒక కులసంఘంతో చుట్టరికం కలుపుకోవడం ఇలాంటివే.

అందుకు విరుగుడుగా నిర్ధారణను మూడు స్థాయిల్లో చెప్పుకోవడం మేలు. సంఖ్య, ఓడ, తండ్రి పేరు, గ్రామం, తాలూకా అన్నీ కలిసి, అవి వలస దేశంలోని వివాహ లేదా మరణ పత్రంతో సరిపోలినప్పుడు దాన్ని రుజువైన విషయంగా గ్రహించవచ్చు. వ్యక్తినామాల సముదాయం, ఇలవేల్పు, మాండలిక రూపాలు ఒకే ప్రాంతాన్ని సూచించినప్పుడు ఆ ప్రాంతం వరకే చెప్పి ఆగాలి. కుటుంబ కథనం ఒక్కటే ఆధారమైనప్పుడు దాన్ని కథనంగానే నమోదు చేయాలి. మొదటి స్థాయిలో ఊరు దొరుకుతుంది. రెండో స్థాయిలో సీమ దొరుకుతుంది. మూడో స్థాయిలో దొరికేది, తాతను మనవలు ఎలా గుర్తుంచుకోవాలనుకున్నారన్న సంగతి.

10. ముగింపు

పై చర్చ వల్ల తేలిన అంశాలు ఇవి. ఒడంబడిక పత్రం కూలీని కట్టడి చేయడానికి పుట్టినా, తెలుగునాట ఏ వంశావళికీ ఎక్కని మనుషులకు అదే తొలి లిఖిత సాక్ష్యమైంది. ఇంటిపేరును అది అడగకపోవడం వల్ల తెలుగువారి వంశసూత్రం తెగింది. ఆపైన వ్యక్తినామమే వంశనామమై కొత్త సూత్రం మొదలైంది. తెగిన చోటును అతకడానికి పేరులోని దేవత, ప్రత్యయం, స్థలనామ చరిత్ర, ఇంటి ఆచారం తోడ్పడతాయి. వాటి సాయంతో ప్రాంతాన్ని నమ్మకంగా చెప్పవచ్చు. ఇంటిపేరును మాత్రం తిరిగి సృష్టించలేం. వంశవృక్షంలో లేని అవ్వ పుట్టింటి జాడ పట్టికలో ఉండడం ఈ పరిశీలనలో ముఖ్యంగా గమనించవలసిన విషయం.

నౌకాపట్టికల్లోని తెలుగు పేర్లను సాధ్యమైన తెలుగు రూపాలతో, ప్రాంతాల వారీగా సూచికగా కూర్చడం తెలుగు శాఖలు చేపట్టదగిన పని. చరిత్రశాఖ ఒక్కటే దాన్ని చేయలేదు. అప్పలస్వామి అనే పేరులో సింహాచలాన్ని గుర్తుపట్టేవారు దానికి కావాలి. ఆ సూచిక సిద్ధమైతే, డర్బన్‌లోనో పోర్ట్ లూయీలోనో ఒక సంఖ్యను చేతపట్టుకొని నిలిచిన మనవరాలికి, ఆ సంఖ్య వెనుక ఉన్న మనిషిని అతని సొంతవాళ్లు ఏ పేరుతో పిలిచి ఉంటారో చెప్పడం సాధ్యమవుతుంది.